పిలవని పేరంటానికి.. ప్రపంచమంతా!

యుద్ధం మిగిల్చిన కరవు రోజులవి. తినే రొట్టెకూ రేషనే. అలాంటప్పుడు ఓ ఊరు పండగ చేసుకోవాలనుకుంది. పిలిచినవాళ్లు వచ్చారు, పిలవనివాళ్లూ వచ్చారు. ఊరు అందరికీ చోటిచ్చింది. అప్పటి నుంచీ ఆగస్టు వస్తే చాలు.. ప్రపంచంలోని కళాకారులందరి చూపూ ఆ ఊరివైపే. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో వేసవి జాతర కథ ఇది.

మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. రాళ్లు పరిచిన పాత వీధి. ఓ పక్క గళ్ల కిల్టు కట్టుకున్న పెద్దాయన బుగ్గలు పూరించి బ్యాగ్‌పైప్ ఊదుతున్నాడు. నాలుగడుగుల అవతల ఓ అమ్మాయి మండే కాగడాలను గాల్లోకి ఎగరేసి పట్టుకుంటోంది. చుట్టూ చేరిన పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. మొహానికి తెల్లరంగు పూసుకున్న కుర్రాడొకడు ఎదురొచ్చిన ప్రతివాళ్ల చేతిలోనూ ఓ కరపత్రం పెడుతున్నాడు. 'సాయంత్రం నాలుగింటికి మా నాటకం.. తప్పకుండా రండి' అని బతిమాలుతున్నాడు. ఇంతలో చినుకులు. ఎవరూ కదలరు. గొడుగులు విచ్చుకుంటాయి, కాగడాలు మాత్రం ఆగవు. పది నిమిషాలకల్లా మళ్లీ ఎండ.

అప్పుడు.. 'ఢాం'! కోట మీద ఫిరంగి పేలుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు. ఊరివాళ్లు చేతి గడియారం వంక చూసుకుని నవ్వుకుంటారు. ఎందుకంటే అది వాళ్లకు రోజూ ఉన్నదే. సముద్రంలో ఉన్న ఓడలవాళ్లు గడియారాలు సరిచేసుకోవడానికని 1861లో మొదలుపెట్టిన ఫిరంగి అది. ఓడలకు ఆ అవసరం తీరిపోయి చాలాకాలమైంది. అలవాటు మాత్రం పోలేదు. ఆదివారాలూ, క్రిస్మస్, గుడ్‌ఫ్రైడే తప్ప మిగతా అన్ని రోజులూ సరిగ్గా ఒంటిగంటకు అది మోగాల్సిందే.

వేసవంటే మనకు రోళ్లు పగిలే ఎండ. ఎడిన్‌బరోలో అలా కాదు. నడివేసవిలో కూడా పగటి వేడి సగటున 19 డిగ్రీలే. మన దగ్గర సంక్రాంతికి ముందు తెల్లవారుజామున ఉండే చలన్నమాట! జూన్ చివర్లో రాత్రి పదింటిదాకా పొద్దు గుంకదు. ఏడాదిలో ఎక్కువ భాగం చలీ చీకటీ చూసేవాళ్లకు ఆ నాలుగు వారాల వెలుగూ పెన్నిధి. అందుకే ఉన్న పండగలన్నీ అప్పుడే చేసుకుంటారు. సంగీత నాటకోత్సవం, ఫ్రింజ్, సైనిక కవాతు, పుస్తకాల పండగ, సినిమా పండగ, చిత్రకళా ప్రదర్శనలు.. అన్నీ ఆగస్టులోనే. ఊరి జనాభా ఐదు లక్షలు దాటుతుందంతే. ఆ ఒక్క నెలలో జరిగే ఫ్రింజ్ వేడుకకు 2019లో అమ్ముడైన టికెట్లు 30 లక్షలకు పైనే!

ఇంత సందడికీ మూలం.. ఊరొదిలి పారిపోయి వచ్చిన ఓ మనిషి.

వెన్నెల్లో కోట

ఆయన పేరు రుడాల్ఫ్ బింగ్. పుట్టింది ఆస్ట్రియా రాజధాని వియన్నాలో. యూదుడు. హిట్లర్ మూకల నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరాడు. అక్కడ గ్లైండ్‌బోర్న్ అనే చోట సంగీత నాటకాలు ఆడించే సంస్థకు మేనేజరయ్యాడు. రెండో ప్రపంచయుద్ధం రావడంతో నాటకాలు ఆగిపోయాయి. పొట్టకూటికి లండన్‌లోని ఓ పెద్ద దుకాణంలో పనిచేశాడు.

ఒకరాత్రి ఎడిన్‌బరో వీధిలో నడుస్తుండగా ఆయన పక్కనే ఉన్న గాయని ఆడ్రీ మిల్డ్‌మే కొండమీద వెన్నెల్లో మెరుస్తున్న కోటను చూపించి, 'ఇక్కడ సంగీతోత్సవం జరిగితే ఎంత బాగుంటుందో' అన్నదట. ఆ మాట బింగ్ మనసులో ఉండిపోయింది. యుద్ధం ముగిసేనాటికి ఐరోపాలో పేరున్న ఉత్సవాలన్నీ చితికిపోయాయి. ఊళ్లకు ఊళ్లే శిథిలాలుగా మారాయి. ఎడిన్‌బరో మీద మాత్రం పెద్దగా బాంబులు పడలేదు. మంచి సభామందిరాలున్నాయి. కోట ఉంది. బింగ్ బ్రిటిష్ కౌన్సిల్ అధికారి హెన్రీ హార్వే వుడ్‌ను కలిశాడు. వాళ్ల ఆలోచన నగర పెద్ద సర్ జాన్ ఫాల్కనర్‌కు చేరింది. మన మేయర్‌లాంటి పదవి ఆయనది. సంగీతం గురించి తనకేమంత తెలియకపోయినా, చితికిన మనుషుల్ని ఒకచోట చేర్చే పని అంటే ఆయనకు నచ్చింది. రోజ్‌బరీ ప్రభువు తన గుర్రం పందెంలో గెలిచిన 10,000 పౌండ్లను తెచ్చి ఈ పనికిచ్చాడు.

అలా 1947 ఆగస్టు 24న 'ఎడిన్‌బరో అంతర్జాతీయ ఉత్సవం' మొదలైంది. అప్పటికి మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి సరిగ్గా తొమ్మిది రోజులు.

ఆ ఏడాది అందరి కళ్లూ చెమర్చిన ఘట్టం ఒకటుంది. బ్రూనో వాల్టర్ పేరుమోసిన సంగీత నిర్దేశకుడు. ఆయనా యూదుడే. 1938లో ఆస్ట్రియాను నాజీలు ఆక్రమించుకోగానే వియన్నాకు దూరమయ్యాడు. తాను ఎన్నో ఏళ్లు నడిపించిన వియన్నా ఫిల్‌హార్మోనిక్ బృందాన్ని మళ్లీ కలుసుకున్నది ఎడిన్‌బరోలోని అషర్ హాల్‌లోనే. అవతల పక్క నిలబడ్డవాళ్లు మొన్నటిదాకా శత్రుదేశంలో ఉన్నవాళ్లు. ఇవతల ఆ దేశం తరిమేసిన మనిషి. మధ్యలో సంగీతం. ఆ కచేరీలో కేథలీన్ ఫెరియర్ పాడిన మాలర్ గీతాలను సంగీత ప్రియులు ఇప్పటికీ తలచుకుంటారు.

బొగ్గు ఇచ్చిన జనం

పండగ అంటే దీపాలుండాలి కదా! అక్కడే వచ్చింది చిక్కు. 1947 మొదటి నెలల్లో బ్రిటన్‌ను గడ్డకట్టించే చలి చుట్టేసింది. బొగ్గు లేదు. కర్మాగారాలు మూతపడ్డాయి. ఇళ్లలో కరెంటుకు కోతలు పెట్టారు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే ఉత్సవం వచ్చిపడింది. కోట మీద రాత్రిపూట దీపాలు వెలిగిస్తామని నిర్వాహకులడిగితే ఇంధన శాఖ మంత్రి షిన్‌వెల్ వీల్లేదన్నాడు.

అప్పుడు ఊరి జనం ఓ పని చేశారు. ఇంట్లో చలి కాచుకోవడానికి తమకొచ్చే రేషన్ బొగ్గులో కొంత ఇస్తామని ముందుకొచ్చారు. రాబోయేది శీతాకాలం. ఇచ్చేది వాళ్ల ఇంటి వెచ్చదనం. అయినా ఇస్తామన్నారు. మంత్రిగారి మనసు కరిగింది. కోట వెలిగింది. బయటినుంచి వచ్చే అతిథులకు హోటళ్లు చాలకపోతే ఎందరో తమ ఇళ్లలోనే గదులు ఇచ్చారు.

ఇవాళ ఆ పండగ ఎదుర్కొంటున్న ప్రశ్నలు అర్థం కావాలంటే ఈ బొగ్గు సంగతీ, ఆ గదుల సంగతీ గుర్తుపెట్టుకోవాలి.

ఎనిమిది బృందాలు

పిలవని పేరంటానికి వెళ్లకూడదంటారు మన పెద్దవాళ్లు. ఆ ఏడాది ఎనిమిది నాటక బృందాలు సరిగ్గా అదే పనిచేశాయి. ఉత్సవానికి ఎక్కడెక్కడి నుంచో పేరున్నవాళ్లను పిలిచారు. తమను మాత్రం పిలవలేదు. అయితేనేం! వాటిలో ఆరు స్కాట్లాండ్‌వే, రెండు ఇంగ్లండ్ నుంచి వచ్చాయి. సొంత డబ్బులతో చిన్నచిన్న హాళ్లు అద్దెకు తీసుకున్నాయి. గ్లాస్గో యూనిటీ థియేటర్ వాళ్లు గోర్కీ నాటకం 'లోయర్ డెప్త్స్' ఆడారు. మరో బృందం షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' వేసింది. లాంచెస్టర్ బృందం బొమ్మలాట ఆడించింది. ఒక నాటకమైతే ఊళ్లో కాదు, సముద్రపు పాయ అవతల డన్‌ఫర్మ్‌లిన్ పట్టణంలోని ప్రార్థనా మందిరంలో జరిగింది.

ఎవరూ వాళ్లను గెంటేయలేదు. పైగా జనం వెళ్లి చూశారు. మరుసటేడు ఇంకొందరు వచ్చారు. 1948లో నాటక రచయిత, పాత్రికేయుడు రాబర్ట్ కెంప్ పత్రికలో రాస్తూ, అసలు ఉత్సవం చుట్టూ ఉన్న 'ఫ్రింజ్'లో జరుగుతున్న నాటకాల గురించి ప్రస్తావించాడు. ఫ్రింజ్ అంటే అంచు. ఆ పేరే స్థిరపడిపోయింది. చీర కన్నా అంచుకే పేరొచ్చినట్టు ఇవాళ ఎడిన్‌బరో అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ ఫ్రింజే!

1958లో ఫ్రింజ్ సొసైటీ ఏర్పడింది. అది పెట్టుకున్న నియమం ఒక్కటే.. ఎవరు ఆడాలో, ఏం ఆడాలో తాము నిర్ణయించకూడదని. దరఖాస్తు పెట్టుకుంటే చదివి మార్కులు వేసే కమిటీ లేదు. నాటకం బాగుందో లేదో ముందుగా చూసే పెద్దమనుషుల్లేరు. ఆడటానికి ఓ చోటు దొరికించుకుని, రుసుము కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు.. కార్యక్రమాల పుస్తకంలో పేరు పడుతుంది. నలభై ఏళ్ల అనుభవమున్న నటుడి పేరు పక్కనే నిన్న కాలేజీ నుంచి బయటికొచ్చిన కుర్రాడి పేరూ ఉంటుంది.

బార్ వెనక గదిలోంచి..

దాంతో ఆగస్టులో ఎడిన్‌బరోలో నాలుగు గోడలూ ఓ తలుపూ ఉన్న ప్రతిచోటూ రంగస్థలమే. చర్చి హాళ్లు, కాలేజీ తరగతి గదులు, బార్ల వెనక ఉండే సామాన్ల గదులు.. దేన్నీ వదలరు. కారులో నలుగురు ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి ఆడినవాళ్లున్నారు. పబ్లిక్ టాయిలెట్‌లో నాటకం వేసినవాళ్లూ ఉన్నారు. 2019లో 300కు పైగా చోట్ల 3,800కు పైగా ప్రదర్శనలు జరిగాయంటే మరి చోటెక్కడ సరిపోతుంది!

ఒక ప్రదర్శన సాధారణంగా గంటసేపు ఉంటుంది. అది అవ్వగానే కొద్ది నిమిషాల్లో గది ఖాళీ చేయాలి. తర్వాతి బృందం సామాన్లతో బయట సిద్ధంగా ఉంటుంది. పొద్దున్నించి అర్ధరాత్రి దాటేదాకా ఇదే వరస. ప్రేక్షకుల్ని తెచ్చుకోవాల్సిన బాధ్యత కూడా కళాకారులదే. అందుకే కోట నుంచి హోలీరూడ్ రాజప్రాసాదం దాకా ఉండే 'రాయల్ మైల్' వీధిలో పగలంతా ఆ కరపత్రాల హడావుడి. రాత్రి నటించే రాజుగారే పొద్దున నిలబడి కాగితాలు పంచుతాడు. సాయంత్రం ముగ్గురే వచ్చారా.. ఆ ముగ్గురికే ఆడతాడు.

ఆ ముగ్గురిలో ఒకరు విమర్శకుడో, లండన్ నాటక సంస్థ మనిషో అయితే జీవితం మారిపోవచ్చు. ఆ ఆశే వాళ్లను అక్కడికి రప్పిస్తుంది. 1966లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు ఒక కొత్త రచయిత నాటకం ఆడారు. పేరు 'రోజెన్‌క్రాంట్జ్ అండ్ గిల్డెన్‌స్టెర్న్ ఆర్ డెడ్'. రాసింది టామ్ స్టోపార్డ్. తర్వాతి ఏడాదే అది లండన్ నేషనల్ థియేటర్‌కెక్కింది. మన పిల్లలు పొట్టచెక్కలయ్యేలా నవ్వుకునే 'మిస్టర్ బీన్' రోవన్ ఆట్కిన్సన్ చదువుకునే రోజుల్లో ఆడింది ఇక్కడే. ఎమ్మా థాంప్సన్, స్టీఫెన్ ఫ్రై, హ్యూ లారీ ఉన్న కేంబ్రిడ్జ్ విద్యార్థి బృందం 1981లో ఇక్కడ తొలి పెరియర్ హాస్య పురస్కారం అందుకుంది. 2013లో ఫీబీ వాలర్‌బ్రిడ్జ్ ఒంటరిగా ఓ కుర్చీలో కూర్చుని ఆడిన 'ఫ్లీబ్యాగ్' తర్వాత టీవీ సీరియల్‌గా దేశదేశాలకూ వెళ్లింది. ఆరుగురు రాణుల కథతో 2017లో విద్యార్థులు తెచ్చిన 'సిక్స్' న్యూయార్క్ బ్రాడ్‌వే దాకా పోయింది.

టికెట్టు కొనే స్తోమత లేనివాళ్ల కోసం ఇంకో దారీ ఉంది. 1996లో పీటర్ బక్లీ హిల్ అనే హాస్య కళాకారుడు 'ఫ్రీ ఫ్రింజ్' మొదలుపెట్టాడు. లోపలికి వెళ్లేటప్పుడు పైసా ఇవ్వక్కర్లేదు. నచ్చితే బయటికొచ్చేటప్పుడు బకెట్‌లో తోచినంత వేయొచ్చు. మన వీధి భాగవతాల్లో పళ్లెం తిప్పినట్టే!

పచ్చబొట్టు కాదు.. కవాతు

ఆగస్టు రాత్రుల్లో కోట ముందు మైదానంలో జరిగే కార్యక్రమం పేరు 'టాటూ'. పచ్చబొట్టుకూ దీనికీ సంబంధం లేదు. ఒకప్పుడు హాలండ్ ప్రాంతంలో రాత్రి కాగానే సైనికులు డప్పులు కొట్టుకుంటూ వీధుల్లో తిరిగేవారు. సారా దుకాణాలవాళ్లు పీపాల కుళాయిలు కట్టేయాలనీ, సైనికులు బసలకు చేరాలనీ దానర్థం. 'కుళాయి కట్టెయ్' అనే అర్థమున్న ఆ డచ్చి మాటే నలిగి నలిగి టాటూ అయింది.

ఎడిన్‌బరో సైనిక టాటూ 1950లో మొదలైంది. బ్యాగ్‌పైపులు, డ్రమ్ములతో వందలమంది ఒకేసారి కోట ద్వారంలోంచి కదిలి వస్తుంటే చూసేవాళ్ల ఒళ్లు పులకరిస్తుంది. స్కాట్లాండ్ దళాలే కాదు, రకరకాల దేశాల సైనిక వాద్య బృందాలూ వస్తాయి. 2017లో మన నౌకాదళ బ్యాండ్ కూడా అక్కడ వాయించింది. అంతా అయ్యాక దీపాలన్నీ ఆర్పేస్తారు. కోట బురుజు మీద ఒకే ఒక్కడు కనిపిస్తాడు. అతడి మీదే వెలుగు. ఒంటరిగా బ్యాగ్‌పైప్ ఊదుతాడు. వేలమంది ఉన్న ఆ మైదానంలో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది.

ఒక్కో సీజన్‌లో 2 లక్షల మందికి పైగా చూసే ఈ టాటూకు టికెట్లు దొరకడం అంత తేలిక కాదు. కొన్ని నెలల ముందే కొనుక్కోవాలి.

పుస్తకాలకో పండగ.. మన పాటకో పీట

1983లో మొదలైన పుస్తకోత్సవం ఇంకో లోకం. ఏళ్ల తరబడి షార్లెట్ స్క్వేర్ తోటలో గుడారాలు వేసి నిర్వహించేవారు. ఇప్పుడు విశ్వవిద్యాలయ ప్రాంగణానికి మారింది. రచయితలు వచ్చి కబుర్లు చెబుతారు, పాఠకులు ప్రశ్నలడుగుతారు, పుస్తకాల మీద సంతకాలు తీసుకుంటారు. పిల్లలకైతే ప్రత్యేకంగా కథల సభలుంటాయి. 'సాహిత్య నగరం' అనే గుర్తింపును యునెస్కో 2004లో తొలిసారి ఇచ్చింది ఈ ఊరికే. హ్యారీ పోటర్ ఆఖరి నవలను రౌలింగ్ 2007లో పూర్తిచేసింది ఇక్కడి బాల్మోరల్ హోటల్ గదిలోనే.

సినిమా పండగ వయసు కూడా అసలు ఉత్సవమంతే. అదీ 1947లోనే మొదలైంది. 2022లో నిర్వాహక సంస్థ ఆర్థికంగా చేతులెత్తేయడంతో ఆగిపోతుందేమోనని అంతా భయపడ్డారు. మరుసటేడు చిన్నగానైనా మళ్లీ మొదలైంది.

అన్నట్టు, ఈ ఊరికీ మన పాటకూ ఓ పాత బంధం ఉంది. 1963 ఉత్సవంలో భారతీయ సంగీతానికి పెద్దపీట వేశారు. పండిట్ రవిశంకర్ సితార్ వాయించారు. బాలసరస్వతి నాట్యమాడారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడారు. ఐక్యరాజ్య సమితిలో ఆమె కచేరీ గురించి అందరూ చెప్పుకుంటారు. అది 1966లో. అంతకు మూడేళ్ల ముందే ఎడిన్‌బరో ఆమె గొంతు విన్నది. మన ఇళ్లలో తెల్లవారుజామున వినిపించే సుప్రభాతం గొంతు.. చలి గాలుల ఆ కొండ ఊళ్లో!

జేబు తడమక్కర్లేని వినోదం

టికెట్టు కొనకపోయినా ఎడిన్‌బరోలో చూడాల్సింది బోలెడు. ఊరి మధ్యలోనే ఓ అగ్నిపర్వతం ఉంది. భయపడక్కర్లేదు.. చల్లారి 34 కోట్ల ఏళ్లయింది. పేరు ఆర్థర్స్ సీట్. ఎత్తు 251 మీటర్లు. మెల్లగా ఎక్కినా గంటలో పైకి చేరొచ్చు. ఒకవైపు ఊరు, ఒకవైపు సముద్రం, మధ్యలో కోట. అన్నీ అరచేతిలో ఉన్నట్టుంటాయి. పైన గాలి మాత్రం మనిషిని తోసేస్తుంది.

అంత ఎక్కలేనివాళ్లకు కాల్టన్ హిల్ ఉంది. దానిమీద పన్నెండు పెద్ద రాతి స్తంభాలు కనిపిస్తాయి. గ్రీకుల పార్థెనాన్ లాంటి కట్టడం కట్టాలని 1826లో మొదలుపెట్టారు. 1829కల్లా డబ్బులైపోయాయి. 'ఎడిన్‌బరో సిగ్గు' అని ఎగతాళి చేసుకున్నారు. ఇప్పుడు ఆ సగం కట్టడం దగ్గరే నిలబడి అందరూ ఫొటోలు దిగుతారు.

పిల్లలకు నచ్చేది గ్రేఫ్రయర్స్ బాబీ. అదో బుజ్జి కుక్క. యజమాని చనిపోయాక పద్నాలుగేళ్లు ఆయన సమాధి దగ్గరే కాపలా కాసిందని కథ. 1873లో దానికి విగ్రహం పెట్టారు. ముట్టుకుంటే అదృష్టమని చెప్పి వచ్చినవాళ్లంతా ముక్కు రుద్దుతుంటే, పాపం.. దాని ముక్కు మీద రంగంతా పోయింది. 1670లో మొదలైన రాయల్ బొటానిక్ గార్డెన్ దాదాపు 70 ఎకరాల పచ్చదనం. ఊరి చివర పోర్టొబెల్లో బీచ్ ఉంది. నీళ్లలో కాలు పెడితే ఆగస్టులో కూడా జివ్వుమంటుంది. నేషనల్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీల్లోకి ప్రవేశం ఉచితం.

తిండి విషయానికొస్తే స్కాట్లాండ్ పేరు చెప్పగానే హ్యాగిస్ అంటారు. గొర్రె గుండె, కాలేజం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్స్, ఉల్లిపాయలు, మిరియాలు కలిపి, గొర్రె పొట్ట సంచిలో కుక్కి ఉడికించే వంటకం. తలకాయ, బోటి ఇష్టంగా తినేవాళ్లకు కొత్తగా అనిపించదు. శాకాహారుల కోసం పప్పులతో చేసిందీ దొరుకుతుంది.

గదేది?

ఇంత వైభవం వెనక ఓ చిక్కుముడి ఉంది. అది ఏటేటా బిగుస్తోంది.

కొవిడ్ వల్ల 2020లో ఆగస్టు పండగలన్నీ రద్దయ్యాయి. డెబ్భై ఏళ్ల పైచిలుకు చరిత్రలో అలా జరగడం అదే మొదలు. రాయల్ మైల్ బోసిపోయింది. ఏటా 'ఈ గోల ఎప్పుడు తగ్గుతుందో' అని విసుక్కునే ఊరివాళ్లకు కూడా ఆ ఏడు నిశ్శబ్దం బాధ పెట్టింది. హోటళ్లూ, దుకాణాలూ, టాక్సీవాళ్లూ.. ఎందరి బతుకో ఆ నెల మీదే ఆధారపడి ఉందని తెలిసొచ్చింది. తిరిగి సందడి మొదలైన 2022లో మరో సంగతి బయటపడింది. చెత్త ఎత్తే కార్మికులు జీతాలు పెంచాలంటూ సరిగ్గా పండగ రోజుల్లో సమ్మెకు దిగారు. దాదాపు పన్నెండు రోజులు వీధుల్లో చెత్త గుట్టలు పేరుకుపోయాయి. పండగ ఎవరి భుజాల మీద నడుస్తోందో అతిథులకు అర్థమైంది.

అసలు సమస్య గదులది. ఆగస్టులో అద్దెలు చుక్కలనంటుతాయి. మామూలు రోజుల్లో కుటుంబాలకు అద్దెకివ్వాల్సిన ఇళ్లను చాలామంది పర్యాటకులకు రోజుల లెక్కన ఇవ్వడం మొదలుపెట్టారు. దాంతో ఊరివాళ్లకు ఇళ్లు దొరకడం కష్టమైంది. మెట్ల మీద రాత్రీపగలూ పెట్టెల చప్పుడేనని పక్కింటివాళ్ల గోడు. చివరికి 2022 సెప్టెంబరు నుంచి ఇలాంటి అద్దెల మీద నగరమంతటా ఆంక్షలు వచ్చాయి. 2023 అక్టోబరు నుంచి లైసెన్సు నిబంధన అమల్లోకి వచ్చింది.

ఊరివాళ్లకు అది న్యాయమే. కానీ కళాకారుల వాదన వేరు. గదులు తగ్గితే ఉన్న గదుల అద్దె ఇంకా పెరుగుతుంది కదా అన్నారు. నెల్లాళ్ల బస, హాలు ఖర్చు, ప్రచారం.. అన్నీ లెక్కేసుకుంటే టికెట్ల మీద వచ్చేది చాలదు. చాలామంది అప్పులతో ఇంటికెళతారు. కొందరు ఊరి బయట గుడారాల్లో ఉంటారు. ఇంకొందరు వేరే ఊళ్లో బస చేసి రోజూ రైల్లో వచ్చిపోతారు. తలుపు ఎవరికైనా తెరిచే ఉంది, నిజమే. కానీ లోపలికి రావడానికి ఎవరి దగ్గర డబ్బుంది? ధనవంతుల పిల్లలు మాత్రమే ఆడగలిగితే అది ఫ్రింజ్ ఎలా అవుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నాలు జరుగుతున్నాయి. 'ఫ్లీబ్యాగ్'తో ఇక్కడే వెలుగులోకి వచ్చిన ఫీబీ వాలర్‌బ్రిడ్జ్ చేయూతతో 2023లో ఫ్రింజ్ సొసైటీ ఒక నిధి ఏర్పాటు చేసింది. ఆ ఏడు 50 మందికి తలా 2,000 పౌండ్లు ఇచ్చింది. 2024లో ప్రభుత్వ సాయం తోడవడంతో 180 మందికి తలా 2,500 పౌండ్లు అందాయి. వేల ప్రదర్శనల్లో 180 అంటే సముద్రంలో కాకిరెట్టే. అయినా అందిన మనిషికి అది ఓ నెల ఇల్లు. మరోవైపు నగరపాలక సంస్థ పర్యాటకుల బస మీద పన్ను వేయాలని 2025 జనవరిలో తీర్మానించింది. 2026 జులై 24 నుంచి గది అద్దె మీద 5 శాతం, మొదటి ఐదు రాత్రుల వరకూ. ఆ డబ్బును ఊరి బాగుకూ, పండగలకూ ఖర్చు చేయాలన్నది ఉద్దేశం.

1947లో ఈ ఊరు ప్రపంచంలోకెల్లా ధనిక నగరమేం కాదు. రొట్టెకు వరసలో నిలబడ్డ జనం. అలాంటివాళ్లు చలి కాచుకునే బొగ్గు ఇస్తామన్నారు. ముక్కూమొహం తెలియనివాళ్లకు ఇంట్లో పక్క వేశారు. పిలవకుండా వచ్చిన ఎనిమిది బృందాల నాటకాలు చూశారు. ఆ ఎనిమిదింటి వారసులే ఇవాళ రాయల్ మైల్ మీద నిలబడి కరపత్రాలు పంచుతున్నారు. కోటను వెలిగించడానికి ఇప్పుడు ఎవరూ బొగ్గు ఇవ్వక్కర్లేదు. మొహానికి తెల్లరంగు పూసుకున్న ఆ కుర్రాడికి రాత్రి తలదాచుకోవడానికి ఓ గది దొరికితే చాలు. ఆగస్టు జాతర ఇంకో డెబ్భై ఏళ్లు నడుస్తుంది.

వెళ్లాలనుకుంటే..

ఎప్పుడు: ఫ్రింజ్, అంతర్జాతీయ ఉత్సవం ఆగస్టు మొదట్లో మొదలై నెలంతా ఉంటాయి. ఇంత జనం వద్దనుకునేవాళ్లు జులైలో వెళ్లొచ్చు. అప్పుడు జాజ్ సంగీతోత్సవం ఉంటుంది. చిన్నపిల్లలుంటే మే చివరా జూన్ మొదట్లో జరిగే బాలల నాటకోత్సవం బాగుంటుంది.

ఎలా: బ్రిటన్ వీసా కావాలి. హైదరాబాద్ నుంచి లండన్‌కు నేరుగా విమానం ఉంది. లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి రైలెక్కితే నాలుగున్నర గంటల్లో ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్. తూర్పు తీరం వెంట సాగే ఆ ప్రయాణం చూడముచ్చటగా ఉంటుంది. ఎడిన్‌బరో విమానాశ్రయంలో దిగితే అక్కణ్నుంచి ట్రామ్ నేరుగా ఊళ్లోకి తీసుకెళుతుంది.

బస: ఆగస్టులో వెళ్లేట్టయితే గది ముందు, టికెట్టు తర్వాత. నెలల ముందే చూసుకోవాలి. చుట్టుపక్కల ఊళ్లలో ఉండి రైల్లో వచ్చిపోతే ఖర్చు కలిసొస్తుంది.

బట్టలు: ఆగస్టే కదా అని పల్చటి బట్టలతో వెళితే ఇబ్బందే. స్వెటరు, వానకోటు తప్పనిసరి. రాళ్లు పరిచిన ఎగుడుదిగుడు వీధులు కాబట్టి మంచి బూట్లుండాలి.

ప్రదర్శనలు: రోజుకు మూడుకు మించి పెట్టుకోవద్దు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడకకు టైము పడుతుంది. పిల్లలతో వెళితే కార్యక్రమాల పుస్తకంలో పిల్లల విభాగం వేరుగా ఉంటుంది, వయసు సూచన చూసుకుని వెళ్లాలి. రోజుకు ఒక్కటైనా ఎప్పుడూ పేరు వినని బృందానిది చూడండి. వాళ్ల కోసమే కదా ఆ పండగ!